ఆ 234 ఎవరిది?

ఒరేయ్,

ముందే చెబుతున్నా, తిట్టకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. రోజూ రాద్దామనుకోవడం, రాత్రయ్యేసరికి కళ్ళు మూతలు పడటం, ఇదే వరస. తప్పు నాదే, క్షమించు. ఇప్పుడు చిన్నదాని సంగీతం క్లాసు బయట మెట్ల మీద కూర్చుని ఫోనులోనే కొడుతున్నాను. గంటసేపు టైముంది. అక్షరదోషాలుంటే సర్దుకో.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మకి మోకాలు కాస్త నయం, మెట్లు మాత్రం ఎక్కలేకపోతోంది. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. అద్దె మళ్ళీ పెంచారు. మీ చెల్లెలు నిన్ను అడిగినట్టు చెప్పమంది. జామచెట్టు సంగతి నేను మర్చిపోలేదు, డిసెంబరులో వచ్చినప్పుడు తేల్చుకుందాం. అంతే. ఇక అసలు సంగతి. పోయిన శనివారం నుంచి ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది, నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

2024 డిసెంబరు 4న దేశమంతా పిల్లలు ఏం నేర్చుకున్నారో చూసే పరఖ్ సర్వే పెట్టారు కదా, 3, 6, 9 తరగతులకి. అది చూశాక మా బడి వాళ్ళు కూడా ఈ ఏడాది నుంచి 3, 5 తరగతులకి చదవడంలో, లెక్కల్లో కొత్త పరీక్షలు పెడుతున్నారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే పద్ధతి, ఒకే మార్కుల షీటు. టీచర్లని తయారుచేసే పని నా మీద పడింది. రెండు శనివారాలు, తొమ్మిది మంది టీచర్లు. పైనుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా, ఏ సెక్షన్ ఫస్టు వస్తుంది అని. ఆ మాట విన్నప్పుడే నాకు కడుపులో తిప్పింది. సెక్షన్ల మధ్య పోటీ అన్నావంటే పాఠం ఆగిపోయి బట్టీ మొదలవుతుంది. బి.ఎడ్‌లో తనిఖీ వస్తోందని మనం ఏం చేశామో గుర్తుందిగా? బట్టీ పట్టించిన ఏనుగు పాఠం! ఆ పిల్లలు పెద్దవాళ్ళయి కూడా ఏనుగు పాఠం అప్పజెబుతూనే ఉంటారు.

మా పిల్లల సంగతి నీకు కొంచెం చెప్పాలి. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక మా బడి, చుట్టూ కడుతున్న అపార్టుమెంట్లే. సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కొందరివి కోలారు, చింతామణి వైపు కుటుంబాలు, కొందరు కర్నూలు, అనంతపురం నుంచి పనికోసం వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, క్లాసులో ఇంగ్లీషు. ఎనిమిదేళ్ళ పిల్ల మూడు భాషలు మోస్తుంది, మనం మాత్రం ఒకదాంట్లోనే అడుగుతాం.

మొదటి శనివారం చదవడం. చదివించే పరీక్ష గుంపులో పెట్టేది కాదు, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరికీ పెట్టాలి. కొత్త పేరా చేతికిచ్చి టైమర్ నొక్కుతాం, ఒక్క నిమిషం. తప్పు చదివిన పదం మీద చిన్న గీత, నిమిషం అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడ ఒక బ్రాకెట్. మొత్తంలోంచి తప్పులు తీసేస్తే నిమిషానికి ఇన్ని పదాలు అని లెక్క వస్తుంది. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 పదాలు అర్థంతో చదవాలని పెట్టారు కదా, 2021 నుంచి మీ దగ్గరా అదే మాట వింటుంటావు. అందరికీ 60 గుర్తుంది. అర్థంతో అనే మాట ఎవరికీ గుర్తులేదు.

ముందు ఒక రికార్డింగ్ వినిపించి తొమ్మిది మందినీ మార్కులు వేయమన్నాను. ఒకే పిల్లవాడు, ఒకే పేరా, ఒకే నిమిషం. 52 నుంచి 63 దాకా వచ్చాయి! వాడు తప్పు చదివి తనంతట తాను దిద్దుకున్న పదాన్ని కొందరు తప్పు కింద లెక్కేశారు, కొందరు వేయలేదు. ఇంకొకాయన టైమర్ మోగాక కూడా పాపం అని ఇంకో నాలుగు పదాలు చదవనిచ్చాడు. తనే దిద్దుకుంటే తప్పు కాదు, టైమర్ మోగితే బ్రాకెట్ పడాల్సిందే అని రూల్సు సరిచేసుకుని ఇంకో రికార్డింగ్ వింటే తేడా రెండు పదాలకి వచ్చింది. ఆ పదకొండు పదాల తేడా పిల్లవాడిది కాదు, మాది. మేం సరిచేసుకోకపోతే వాడికి వెనకబడ్డవాడు అనే ముద్ర పడేది. దీనికే నాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత నిజం పిల్లని పిలిచాం. మూడో తరగతి, పేరెందుకులే, రెండు జడలు, వాటికి చిన్నవి రెండు కనకాంబరం దండలు. వాళ్ళమ్మ మెట్రో స్టేషన్ దగ్గర తోపుడుబండి మీద పూలు అమ్ముతుంది. వేపచెట్టు కింద నేనూ తనూ కూర్చున్నాం, టీచర్లు నాలుగడుగుల వెనక. పరీక్ష పెట్టేటప్పుడు గుడ్ అనకూడదు, తల ఊపకూడదు, పదం అందివ్వకూడదు, మూడు సెకన్లు ఆగిపోతే తర్వాతది చదువమ్మా అనాలి, అంతే. మా సీనియర్ మేడమ్ ఉన్నారు, ఇరవయ్యారేళ్ళ సర్వీసు, చింతామణి మనిషి, ఆ పిల్ల ఆవిడ సెక్షనే. పిల్ల ఒక పదం దగ్గర ఆగింది. నేను పక్కకి చూస్తే మేడమ్ పెదవులు శబ్దం లేకుండా ఆ పదం ఆకారంలో కదులుతున్నాయి. ఆవిడకి తెలియకుండానే. ఇరవయ్యారేళ్ళుగా పదం అందించిన పెదవులు కదా, అవెలా ఆగుతాయి!

61 వచ్చింది. మేడమ్ ముఖం వెలిగిపోయింది. తర్వాత పేరాలోంచి ప్రశ్నలు నాలుగు. ఒక అబ్బాయి బుట్ట తీసుకుని సంతకి వెళ్తుంటాడు, మబ్బులు కమ్ముతాయి, చెట్టు కింద నిలబడతాడు. ఎందుకు నిలబడ్డాడు అని ఇంగ్లీషులో అడిగాను. మౌనం. రెండోది, మూడోది, నాలుగోది... మౌనం. కాగితం అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ. 61 పదాలు, సున్నా జవాబులు. పెదవులతో చదివింది, బుర్రలోకి ఒక్కటీ దిగలేదు.

షీటులో సున్నాని సున్నాగానే ఉంచి, పరీక్ష అయిపోయింది అన్నాక అదే కథ తెలుగులో చెప్పి అడిగాను. ఎందుకు నిలబడ్డాడే? అంటే, “వానొచ్చింది కదా సార్, బుట్ట తడిస్తే సరుకు పాడైపోతది, వాళ్ళమ్మ తిడతది” అంది. సరుకు గురించి గానీ, అమ్మ గురించి గానీ పేరాలో ఒక్క మాట లేదురా! అదంతా తను అల్లుకుంది. అలా అల్లుకోవడాన్నే మనం చదివింది అర్థం చేసుకోవడం అంటాం. ఆ శక్తి ఆ పిల్ల దగ్గర దండిగా ఉంది, మన షీటులో దానికి చోటు లేదు.

ఇంకో మాట మధ్యలో. 60 పదాలు అన్నది ఏ భాషకి ఆ భాషే. చెప్పుకోలేకపోతున్నాడు అని తెలుగులో ఒక్క పదం, అదే ఇంగ్లీషులో అయితే ఐదారు పదాలు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు మూడో తరగతి పిల్లలు సుమారు 86 వేల మందిని ఇలాగే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 20 భాషల్లో చదివించారు, భాషకో ప్రమాణం పెట్టారు. మీ బళ్ళో ఇంగ్లీషు అంకె తెచ్చి తెలుగు పేరాకి అంటిస్తే ఒప్పుకోవద్దు, గట్టిగా మాట్లాడు.

సరే, అసలు చెప్పాలనుకున్నది రెండో శనివారం సంగతి, ఇంతసేపూ దానికోసమే.

లెక్కల పేపర్లో ఒక ప్రశ్న, 402 లోంచి 178 తీసేయి. ఆప్షన్లు 224, 234, 334, 376. ఆ తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టినవి కావు, నేను కూర్చుని ఒక్కోదాన్ని ఒక్కో ఆలోచన నుంచి చేశాను. పైదో కిందదో చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 376. పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకుని, అప్పు ఇచ్చినవాడి దగ్గర తగ్గించకపోతే 334. సున్నాని పది చేసి, ఆ పదిలోంచి ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చామని మర్చిపోతే 234. అంటే పిల్ల ఏది పెట్టిందో చూస్తే లోపల ఏం జరిగిందో కనబడుతుంది. టీచర్లకి నేర్పాల్సింది ఇదే అనిపిస్తుంది నాకు, పేపరు దిద్దడం కాదు, తప్పుని చదవడం. ఒప్పు సమాధానం ఏమీ చెప్పదురా, తప్పే...

సరే విను. పిల్లలు రాసిన పేపర్లు, పేర్లు మడిచేసి, సెక్షన్ వారీగా టేబుల్ మీద పెట్టి, జవాబుల ప్రకారం దొంతులు పెట్టమన్నాను. అన్ని సెక్షన్లలోనూ తప్పులు నాలుగు వైపులా చెదిరిపోయాయి. ఒక్క మేడమ్ సెక్షన్‌లో 234 దొంతి ఇంత లావున లేచింది. 376 పెట్టినవాళ్ళు ఇద్దరే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేడమ్ ఆ దొంతి చేతిలోకి తీసుకుని ఒక్కో పేపరు చూస్తూ పోయారు, ప్రతిదాంట్లో సున్నా మీద గీత, పైన పది, ఆ పది మీద ఏ గీతా లేదు. అందరూ ఒకేలా. ఒకే చేతివాటం.

చాలాసేపటికి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో 402 వేసి, రోజూ ఎలా చెబుతారో అలాగే చెప్పుకుంటూ చేశారు. సున్నా మీద గీత కొట్టి పది వేయండి... అక్కడ ఆగిపోయారు. ఆ పదిని తొమ్మిది చేయాలని ఆవిడకి తెలియక కాదు, నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చేత్తో మాత్రం గబుక్కున మార్చేసేవారు, పిల్లలకి కనబడేది కాదు. మా వైపు తిరిగి, “ఏమప్పా, ఈ 234 నాది. పిల్లోళ్ళది కాదు” అన్నారు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఇరవయ్యారేళ్ళు చేసిన మనిషి తొమ్మిది మంది ముందు ఆ మాట అనడం అంటే చిన్న సంగతా? ఆవిడకి దండం పెట్టాలనిపించింది. నిజంగా.

అయిపోలేదు. ఆ దొంతిలో ఒక పేపరు మడత విప్పారు. ఎవరిదనుకున్నావ్? కనకాంబరాల పిల్లది. శనివారం ఒంటిపూట బడి, ఇంకా ఆవరణలోనే ఆడుకుంటోంది, మేడమే వెళ్ళి పిలుచుకొచ్చారు. కాగితం ఇవ్వలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత దగ్గరగా లాక్కుని, ఆవిడ తెలుగులో, “మీయమ్మ కాడ నాలుగు నూర్ల రెండు రూపాయలుండాయి, నూట డెబ్భై ఎనిమిది పూలాయనకి ఇచ్చేసింది, ఎంత మిగిలిందే?” అన్నారు. పిల్ల పైకప్పు వైపు చూసింది, వేళ్ళు మడిచింది, ఒక్క క్షణం. నూట డెబ్భై ఎనిమిదికి రెండిస్తే నూట ఎనభై, ఇరవై ఇస్తే రెండొందలు, ఇంకో రెండొందలిస్తే నాలుగొందలు, ఇంకా రెండుంది కదా మిస్. “రెండొందల ఇరవై నాలుగు!”

తీసివేతే చేయలేదురా! చిల్లర ఇచ్చేవాళ్ళలాగా కింద నుంచి పైకి ఎక్కింది. పేపర్లో 234 రాసిన చెయ్యి, బండి దగ్గర 224 చెప్పే నోరు, ఇద్దరూ ఒకే పిల్ల. నోబెల్ వచ్చిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ళు కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో అమ్మే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది, చదివావా? సంతలో చకచకా లెక్కలు కట్టేవాళ్ళు బడి లెక్కల దగ్గర తడబడ్డారు, బడి పిల్లలు సంత లెక్కల దగ్గర తడబడ్డారు. చదివినప్పుడు అవునవును అనుకున్నాను. ఎదురుగా చూసినప్పుడు మాత్రం నిద్ర పట్టలేదు.

మేడమ్ అప్పటికప్పుడు పాత క్యాలెండర్ అట్ట చింపి నోట్లు చేశారు. వందలు నాలుగు, రూపాయలు రెండు. ఎనిమిది రూపాయలు ఇవ్వాలంటే చిల్లర లేదు, వంద మార్చి పది పదులు తెచ్చారు, అందులో ఒక పది మార్చి పది రూపాయలు. బల్లమీద మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. ఆ తొమ్మిది పదుల్నీ పిల్ల చేత లెక్కపెట్టించారు. “పదో కాగితం యాడికి పోయిందే?” అంటే, “మార్చేసినాం కదా మిస్” అంది. పేపరు ఇస్తే తనే పది కొట్టేసి తొమ్మిది వేసింది. చెప్పకుండానే.

సోమవారం పైవాళ్ళతో మీటింగ్ ఉంది. సెక్షన్ల పోటీ వద్దు, ఎవరికెన్ని మార్కులని గోడమీద అంటించొద్దు, ప్రతి టీచరుకీ వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఇవ్వండి, ఒక్కో పిల్ల పక్కన కూర్చోడానికి అని అడగబోతున్నా. ఇవ్వకపోతే... ఏమో, గొడవే పెట్టుకుంటా. పోటీయే పెట్టి ఉంటే ఆ 234 దొంతిని మేడమ్ అందరి ముందూ చేతిలోకి తీసుకునేవారా చెప్పు? దాచేసేవారు. ఎవరైనా దాచేస్తారు. నేనైనా.

ఆవిడ నన్నొకటి అడిగారు, దానికి నాకు జవాబు దొరకలేదు, నువ్వేమంటావో రాయి. ఇంతకు ముందు వెళ్ళిపోయిన బ్యాచీల సంగతేంటి సార్, వాళ్ళకి ఎవరు చెబుతారు అని. నేనేమీ అనలేకపోయాను. ఇంటికి వెళ్ళాక కూడా అదే

అయ్యో, క్లాసు వదిలారు. చిన్నది చెప్పులు వెతుక్కుంటోంది, ఒకటి దొరకలేదట. మీ మూడో తరగతి వాళ్ళకి ఆ 402 ఇచ్చి చూడు, దొంతులు పెట్టి నాకు ఫోటో పంపు. మిగతాది ఫోనులో.

నీ రూం నంబరు పదకొండు