ఆర్గాన్ వచ్చింది, ఇంక వాయించేవాళ్ళు కావాల: మన సంఘం ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ వందనాలు. ఈసారి నివేదిక చానా భాగం ఆర్గాన్ గురించే, అదే, గొట్టాల్లోకి గాలి ఊది మోగించే పెద్ద వాయిద్యం, ఎందుకంటే మన పని, మన గొడవలు, మన డబ్బులు అన్నీ ఏడాదంతా దాని చుట్టే తిరిగినాయి. మిగతావి ముందే చెప్పేస్తా: రక్తదాన శిబిరం పెట్టినాం, హాస్టల్ పిల్లలకి పుస్తకాలిచ్చినాం, క్రికెట్ మ్యాచ్ వానకి ఆగిపాయ.

కాలేజీ చాపెల్‌లో, అంటే ప్రార్థన మందిరంలో, పైప్ ఆర్గాన్ పెట్టిద్దామన్నప్పుడు, కీబోర్డులో బటన్ నొక్కితే అదే సౌండు వస్తాది కదా అని చానామంది అడిగినారు. నేనూ అడిగినా, దాచేదేముంది. చెన్నై సెయింట్ ఆండ్రూస్ కిర్క్ చర్చిలో పాత ఆర్గాన్ విన్నాక మాట్లాడలే, కింది స్వరం పట్టుకుంటే కూర్చున్న బల్ల అదిరింది.

ఇది షాపులో చూసి తెచ్చుకునేది కాదు. చేసేవాళ్ళు ముందు మన చాపెల్ కొలతలు, కప్పు ఎత్తు, ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే ఎంతసేపు మోగుతాది, అన్నీ అడిగినారు. మన కప్పేమో తక్కువ. బాగా కింది సి స్వరానికి మామూలుగా 8 అడుగుల గొట్టం కావాల, కానీ పైన మూత పెడితే 4 అడుగులకే అదే స్వరం పలుకుతాది, అందుకని కింద మూతల చెక్క గొట్టాలు, పైన తగరం సీసం కలిపినవి. లోపల జరిగేది పిల్లంగోవి లెక్కనే, ఊదేది కరెంటు బ్లోయరు. పాతకాలంలో వెనకాల ఒక మనిషి తిత్తి కొట్టేవాడు, మనకి కరెంటు పోతే జనరేటరే దిక్కు. ఆర్గాన్ వచ్చిన కంటైనరు పోర్టులో ఇరుక్కుని డెమరేజీ, అంటే ఆలస్యానికి జరిమానా, కట్టినాం, కాగితం ఒకటి మర్చిపోయింది మేమే.

అసలు తలనొప్పి కర్నూలు ఎండ. గాలి వేడెక్కితే గొట్టం శ్రుతి డిగ్రీకి దాదాపు 3 సెంట్లు పైకి పోతాది, 100 సెంట్లయితే పక్క మెట్టు. జనవరి పొద్దున 18 డిగ్రీల్లో సరిచేసింది మే నెల 42లో 70 సెంట్లు దాటిపోతాది, కీబోర్డేమో ఉన్నచోటే ఉంటాది, రెండూ కలిపితే చెవులు మూసుకోవాల్సిందే. అందుకే ఎండాకాలం రెండూ కలిపి వద్దన్నాం, యూత్ వాళ్ళు అలిగినారు.

ప్రతిష్ఠ ఆరాధన క్రిస్మస్‌కి రెండు వారాల ముందు జరిగింది. అయ్యగారు ప్రార్థన చేసినంక వాయించేయన ముందు ఒక్క గొట్టమే మోగించి, తర్వాత ఒక్కో స్టాప్, అంటే ఒక్కో వరస గొట్టాల్ని పలికించే పిడి, లాగుతా పోయినాడు, హాలంతా నిండిపాయ. ఇంగ్లీషు హిమ్‌లు బాగొచ్చినాయి. తెలుగు కీర్తన ఎత్తుకున్నాక తెలిసింది కథ, రాగాల మీద కట్టినవి కదా, గొట్టంలో గమకం రాదు, తబలా ఒకపక్క పోతే ఆర్గాన్ ఒకపక్క. అప్పుడు ముందు వరసలో పెద్దామె ఒకామె లేచి, నాయనా నువ్వు శ్రుతి పట్టుకో చాలు, మేం పాడుకుంటాం అనింది. వాయించేయన సా, పా రెండే పట్టుకుని తంబురా లెక్క కూర్చున్నాడు. ఆ రోజు మొత్తంలో నాకు అదే బాగనిపిచ్చింది.

ఇంతా చేస్తే మనలో పెడల్ మీద కాళ్ళతో వాయించగలిగేది ఆయనొక్కడే, ఉద్యోగమేమో హైదరాబాద్‌లో. గొట్టాలకి పెట్టినదాంట్లో కొంచెమన్నా నేర్పించేదానికి పెట్టాల్సింది, అది కమిటీ తప్పే. ఆదివారం మధ్యాన్నం క్లాసులు పెడుతున్నాం, పిల్లల పేర్లు ఇవ్వండి.

లెక్కలు ఆడిటర్ సంతకంతో ఆఫీసు బోర్డుకి అంటించినాం. చందా బాకీ ఉన్నోళ్ళు నెలాఖరుకి కట్టేయండి, ఆర్గాన్ పక్కన కుర్చీలు మాత్రం పేర్చొద్దు.