‘అడాప్టర్ ఒకటి’ అని రాస్తే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలు ఏమేం సర్దుకోవాలో మీ పత్రికలో ఈ మధ్య ఒక పట్టిక వేశారు. పచ్చళ్లు, పొడులు, మందుల చీటీలు, సర్టిఫికెట్ల జిరాక్సులు అన్నీ వివరంగా రాశారు. కరెంటు సంగతికి వచ్చేసరికి మాత్రం ‘ఇంటర్నేషనల్ అడాప్టర్ ఒకటి’ అని వదిలేశారు. నేను తెనాలిలో మోటార్లు రివైండింగ్ చేసి బతికినవాణ్ణి. ప్రస్తుతం డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఆ ఒక్క ముక్క దగ్గర తెలియక జనం ఎంత నష్టపోతున్నారో అక్కడా చూశాను, ఇక్కడా చూస్తున్నాను.

అడాప్టర్ చేసే పని ఒక్కటే, మన పిన్నులను అక్కడి సాకెట్టులో దూరేలా చేయడం. లోపల వచ్చే కరెంటును అది ఏమీ చేయదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అమెరికా, కెనడాల్లో గోడకున్న మామూలు సాకెట్టులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో అయితే 100 వోల్టులే. అక్కడ కూడా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్, దుబాయ్, ఖతార్‌లలో వోల్టేజీ కాస్త అటూ ఇటూగా మనదే, పిన్నులే వేరు. అందుకని ‘ఫారిన్ ప్లగ్గు ఒకటివ్వండి’ అని వచ్చినవాళ్లను కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి మాట ‘ఏ దేశానికండీ?’ అని. రెండో మాట ‘దేనికి పెట్టడానికండీ?’ అని. ఈ రెండూ అడిగే షాపులు నాకు తెలిసి చాలా తక్కువ.

మేముండే కాలనీ పార్కుకి సాయంత్రాలు నడకకు వచ్చేవాళ్లలో మన వైపు పెద్దవాళ్లు చాలామంది. కూతురి పురుటికని గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడకు ఆయాసం ఉంది. ఇక్కడ వసంతకాలం వస్తే ఓక్ చెట్ల పుప్పొడి కార్ల మీద పచ్చగా పేరుకుంటుంది. ఆవిడకు అది పడలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న నెబులైజర్‌ను, అంటే మందును తుంపరలా చేసి ఊపిరితో పీల్పించే మిషనును, ఊళ్లోనే కొన్న అడాప్టర్‌తో గోడకు పెట్టారు. మోటారు మూలిగింది గానీ, మాస్కులోకి మందు రాలేదు. ‘మిషను పాడైందేమో, ఒకసారి చూడండి అన్నయ్యగారూ’ అని కబురు పెడితే వెళ్లాను. తిరగేసి చూస్తే అడుగున స్టిక్కర్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని స్పష్టంగా ఉంది. మిషను నిక్షేపంలా ఉంది. కావలసిన వోల్టేజీలో సగమే అందుతుంటే లోపలి కంప్రెసర్ గాలిని ఎలా నెడుతుంది? ఆవిడ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ఒక్కో ఊపిరీ లాక్కుంటోంది. అల్లుడు వెంటనే అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్తే అక్కడ మందు పట్టించారు. ‘ఇది పెట్టుకుంటే అమెరికాలో ఏదైనా పనిచేస్తుందమ్మా’ అని చెప్పి అమ్మాడట షాపతను. ఆ మాట విన్నప్పుడు వచ్చిన కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మా ఆవిడదీ ఆయాసం ఒళ్లే. అందుకే బయల్దేరే ముందే డాక్టరుగారిని అడిగి, ఆమె వాడే మందుకు సరిపోతుందన్నాక బ్యాటరీతో నడిచే చిన్న మెష్ నెబులైజర్ కొన్నాం. దాని చార్జర్ ఎక్కడైనా పనిచేస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు పెట్టుకునే సీప్యాప్ మిషన్లు కూడా చాలావరకు అన్ని దేశాల వోల్టేజీకీ సరిపడేలానే వస్తాయి. అయినా చూసుకునే పెట్టాలి.

చూడటం పెద్ద విద్యేమీ కాదు. ప్రతి సామాను మీదా, లేదా దాని చార్జర్ మీదా ‘ఇన్‌పుట్’ అనో, ఉత్తినే వోల్టుల అంకెతోనో ఒక లైను ఉంటుంది. అక్కడ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశానికైనా తీసుకెళ్లవచ్చు, పిన్ను మార్చుకుంటే చాలు. సెల్‌ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ ఇవే. 230 లేదా 220-240 అని మాత్రమే ఉంటే అది అమెరికాకు పనికిరాదు. అక్షరాలు కనబడకపోతే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంటి దగ్గర నేను చాలామంది తల్లిదండ్రులకు ఇదే చూపించాను.

కాయిల్ వేడెక్కి పనిచేసే సామాన్లకు వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, ఇంచుమించు పావు వంతుకు పడిపోతుంది. మన 1500 వాట్ల కెటిల్ ఇక్కడ పెడితే 400 వాట్లే లాగుతుంది. నాలుగైదు నిమిషాల్లో మరిగే నీళ్లకు పావుగంట పడుతుంది. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, దోమల మందు మిషను, అన్నిటిదీ ఇదే వరస. అయితే వీటివల్ల పని జరగదు గానీ, ప్రమాదం తక్కువ. అమెరికా సామాన్లు మన ఊరికి తెచ్చినప్పుడే అసలు గొడవ. 120 వోల్టుల కాఫీ మేకర్‌నో హెయిర్ డ్రయ్యర్‌నో మన 230లో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. సంక్రాంతి సెలవులకు పిల్లలు వచ్చి వెళ్లాక మా షాపుకి ఇలాంటివి వచ్చేవి. ఒక బ్లెండర్ విప్పితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) మీద వైండింగు మొత్తం నల్లబడిపోయి ఉంది. గోటితో గీరితే తీగ మీది వార్నిష్ పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆ మాడు వాసన సాయంత్రం దాకా షాపులోంచి పోలేదు. కూతురు ఎంతో ఇష్టంగా తెచ్చిందని ఆ తండ్రి రెండుసార్లు చెప్పాడు. బాగు చేస్తే కొత్తదానికంటే ఎక్కువవుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక మిక్సీ. తల్లులు బట్టల మధ్య చుట్టబెట్టి, పిల్లల పెట్టెల్లో పంపే మొదటి సామాను ఇదే. 750 వాట్ల మిక్సీ 120 వోల్టుల మీద తిరుగుతుంది గానీ, నానబెట్టిన మినప్పప్పు వేస్తే నిలబడిపోతుంది. అప్పుడు ‘కన్వర్టర్’ కోసం వెతుకుతారు. ఇక్కడ షాపుల్లో ట్రావెల్ కన్వర్టర్ అని అరచేతిలో పట్టే పెట్టెలు అమ్ముతారు. వాటిలో ఎక్కువ అమెరికావాళ్లు బయటి దేశాలకు వెళ్లినప్పుడు 230ని 110కి దించుకోవడానికి చేసినవి. మనకు కావలసింది పెంచేది, అంటే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్. పైగా 2000 వాట్లని రాసి ఉండి అరకిలో కూడా తూగనివి కరెంటును ముక్కలుగా కోసి వదులుతాయి. కాయిల్ సామాన్లకు కాసేపు పెట్టుకోవచ్చు. మోటారుకు, ఎలక్ట్రానిక్ సామాన్లకు పెట్టకూడదు. అంత లోడు మోసే అసలైన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుప రేకుల కోరు, రాగి చుట్టలు ఉంటాయి. ఒంటి చేత్తో ఎత్తాలంటే కష్టం. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి 750 వాట్ల మిక్సీకి 1500 వాట్లదైనా ఉండాలి. ఇక్కడి మామూలు 15 ఆంపియర్ల సాకెట్టు మొత్తం ఇవ్వగలిగేదే 1800 వాట్లు. ఇంత అవస్థ కంటే ప్రీతి వంటి కంపెనీలు అమెరికా కోసమే చేస్తున్న 110 వోల్టుల మిక్సీలు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, అవి కొనుక్కోవడం మేలు.

వెట్ గ్రైండర్‌ను మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అయినా వాడమని నేను చెప్పను. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చలేదు. 50 హెర్ట్జ్‌కు చుట్టిన ఇండక్షన్ మోటారు 60 మీద ఐదోవంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. పిండి వేడెక్కుతుంది. దానికి తోడు చాలా అడాప్టర్లలో ఎర్త్ ఉండదు. మన ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఉత్తినే లోపల ఆగిపోతుంది. నీళ్లు ఒలికే స్టీలు గ్రైండర్‌ను ఎర్త్ లేకుండా వాడటమంటే ప్రాణంతో చెలగాటం.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు వోల్టేజీ బాధ తక్కువ. సౌదీలో మాత్రం 60 హెర్ట్జ్, కొన్ని పాత ఇళ్లలో 127 వోల్టుల సాకెట్లూ ఉన్నాయి. దుబాయ్, ఖతార్, కువైట్‌లలో బ్రిటన్ చదరపు పిన్నులే. బ్రిటిష్ వాళ్లు 1947లో ఆ పద్ధతికి వెళ్లారు, వాళ్లు వదిలిన గుండ్రటి పిన్నులు మన దగ్గర ఉండిపోయాయి. బ్రిటన్ తరహా సాకెట్టులో కింది రెండు రంధ్రాలకు లోపల మూతలుంటాయి. పైన ఎర్త్ పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి. క్యాంపు గదుల్లో మన కుర్రాళ్లు పై రంధ్రంలో పెన్ను రీఫిల్లో, అగ్గిపుల్లో గుచ్చి, మూత తెరిచి, టూపిన్నును బలవంతంగా నెడతారు. జగిత్యాల నుంచి మా ఇంటి పనికి వచ్చిన టైల్స్ మేస్త్రి తాను దోహాలో ఉన్నన్నాళ్లూ అలాగే చేసేవాణ్ణని నాకు చేసి చూపించాడు. ఆ పిన్ను అక్కడ వదులుగా నిలుస్తుంది. దాని మీద రైస్ కుక్కర్ పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక్క గదిలో ఎనిమిది మంది పడుకునేచోట అది మామూలు విషయం కాదు. ఫ్యూజు ఉన్న 13 ఆంపియర్ల అసలు అడాప్టర్ అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. వెళ్లిన రోజే కొనుక్కోమని ఏజెంట్లు చెప్పాలి.

నేను కోరేవి ఇవి. మిక్సీ, గ్రైండర్, నెబులైజర్ తయారుచేసే కంపెనీలు అట్టపెట్టె మీద తెలుగులో, కళ్లజోడు లేకపోయినా కనబడేంత అక్షరాలతో ‘230 వోల్టులకు మాత్రమే, అమెరికా, కెనడా, జపాన్‌లలో పనిచేయదు’ అని వేయాలి. పెద్దవాళ్ల ప్రయాణానికి మందులు కట్టిచ్చే మెడికల్ షాపులవాళ్లు నెబులైజర్ సంగతి తప్పకుండా అడగాలి. మీరు ఏ దేశంలో ఎన్ని వోల్టులో, ఏ పిన్నో బొమ్మలతో ఒక చిన్న పట్టిక వేయండి. నా ఉత్తరానికి చోటు లేకపోయినా ఫరవాలేదు, ఆ పట్టిక మాత్రం ఆగస్టు ప్రయాణాలకు ముందే రావాలి.

ఇట్లు,
మోటారు రివైండింగ్ మేస్త్రి,
తెనాలి (ప్రస్తుతం డాలస్)