మందుకు లొంగని ఊద

సంపాదకులకు నమస్కారం.

పద్మనాభం మండలంలోని మా వరి చేలో ఈ ఖరీఫ్‌లో బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొట్టిన రెండు వారాలకు తుంగ మాడిపోయింది గాని, ఊద గడ్డి మాత్రం అక్కడక్కడ పచ్చగా నిలిచింది. ఆకు మొదట్లో వరికి ఉండే పలుచని పొర ఊదకు ఉండదు కనుక పోల్చుకోవడం కష్టం కాదు. దుకాణదారు మోతాదు పెంచమన్నారు, మరొకరు పెనాక్సులం అనే మరో కలుపు మందు కొట్టమన్నారు. పేర్లు వేరైనా ఈ రెండు మందులూ కలుపు మొక్కలో అడ్డుకునేది ఒకే ఎంజైమును కాబట్టి, మొదటిదాన్ని తట్టుకున్న మొక్క రెండోదానికీ లొంగకపోవచ్చునని రైతుకు చెప్పేవారే లేరు. పంజాబ్, హర్యానా గోధుమ రైతులు ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరాన్ అనే కలుపు మందు ఒక్కదాన్నే నమ్ముకోగా, 1990ల తొలినాళ్లకే ఫలారిస్ మైనర్ అనే గడ్డి దాన్ని తట్టుకోవడం నేర్చింది.

మా చేలో ఊద మిగిలినది మందును తట్టుకునే నిరోధకత వల్లనా, పిచికారీ లోపం వల్లనా అన్నది పరీక్ష లేకుండా తేలదు. అందువల్ల అటువంటి మొక్కల గింజలను సేకరించి కుండీల్లో మొలిపించి పరీక్షించే ఏర్పాటును వ్యవసాయాధికారులు మండల స్థాయిలోనే చేయాలని, ఏ మందు ఏ ఎంజైమును అడ్డుకునే వర్గానిదో దుకాణాల్లో తెలుగులో రాసి పెట్టించాలని కోరుతున్నాను. ఈలోగా గింజ రాలకముందే ఊదను చేత్తో పీకించాము. కూలి ఖర్చు మందు ఖర్చును మించిపోయింది.

— ఒక వరి రైతు, విశాఖపట్నం జిల్లా