బీరువా తాళం తీయించండి: మండల విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మా ప్రాథమిక పాఠశాల తల్లిదండ్రుల వినతిపత్రాలకు జవాబు రానందున ఈ లేఖను అందరి ఎదుటా ఉంచుతున్నాం.

విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలో దినపత్రిక, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలి. మా బడికి పేపరు రాదు. పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి. చిరిగితే స్టాకు రిజిస్టరు తనిఖీలో సొంత డబ్బు కట్టాల్సి వస్తుందని టీచర్ల భయం, దాన్ని తప్పుపట్టలేం.

నష్టం పిల్లలది. మూడో తరగతి వాళ్లు గుణింతాలు గడగడా అప్పజెబుతారు, ‘రాష్ట్రం’, ‘వర్షపాతం’ దగ్గర ఆగిపోతారు. చార్టు మీద నేర్చిన వత్తులు వాక్యాల్లో పదేపదే కనబడకపోతే నిలవవు.

పేపరుతో పని తేలికే. ప్రార్థన సమయంలో ఒకరు మూడు శీర్షికలు చదవాలి. తరగతిలో వత్తు పదాలకు సున్నా చుట్టి, కత్తిరించి, మైదా జిగురుతో గోడపత్రికకు అంటించాలి. ఒకటి, రెండు తరగతులకు సన్న అక్షరాలు వద్దు, శీర్షికలే చాలు. నేరవార్తల పేజీని టీచరు ముందే తీసేయాలి.

ఈ నెలాఖరులోగా రెండు పనులు చేయించండి: బడి గ్రాంటు నుంచి రోజూ ఒక తెలుగు దినపత్రిక, వాడకంలో చిరిగిన పుస్తకాలకు టీచర్ల నుంచి వసూలు ఉండదని రాతపూర్వక ఉత్తర్వు. మౌఖిక హామీతో తాళం తెరుచుకోదు.

ఇట్లు,
పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులు