పార్కింగ్‌లో ఎలుకలు: మందు ఎందుకు పెట్టించడం లేదంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన సోమవారం సాయంత్రం మన పార్కింగ్‌లో ఒక టీచరు గారి కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్ వచ్చి బోనెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన గూడు కనిపించింది. సగం కొరికిన చపాతీ, పల్లీపట్టీ కవరు, వాటి చుట్టూ నోటుబుక్కు కాగితం ముక్కలు. ఒక ముక్క మీద పెన్సిలుతో రాసిన తొమ్మిదో ఎక్కం సగం వరకూ ఉంది. వైర్ల మీది తొడుగు పోయి లోపలి రాగి తీగ బయటపడింది.

ఈ నెలలో ఇది మూడో కారు. మిగతా రెండూ మీలో ఇద్దరివి. రిపేరు ఖర్చు ఎంతైందో విని నాకూ బాధేసింది. అప్పటి నుంచి చాలామంది ఫోన్ చేసి "మేడం, చుట్టూ ఎలుకల మందు పెట్టించండి" అంటున్నారు. నేను పెట్టించను. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

పార్కింగ్‌కీ, ఒకటో తరగతి పిల్లలు ఆడుకునే ఇసుకకీ మధ్య ఉన్నది నడుము ఎత్తు గోడ. ఎలుక మందు ఉండను పెట్టినచోటే తినదు, నోట కరుచుకుని ఎక్కడికైనా లాక్కుపోతుంది. ట్యూబుల్లో అమ్మే పేస్టు మందులు కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. చూస్తే పళ్ల పేస్టులాగే ఉంటుంది. అది కడుపులోకి పోతే మొదట వాంతులై, తగ్గినట్టే కనిపించి, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతినొచ్చు. దానికి విరుగుడు మందు లేదు. మీ ఇంట్లో అలాంటి ట్యూబు ఉంటే దయచేసి ఈ రోజే తీసేయండి. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే చాలు, బాగానే ఆడుకుంటున్నారు కదా అని ఆగకుండా, ఆ ట్యూబు కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

మందుకు బదులు, పొలాల్లో ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టే ఆయన్ని పిలిపించాం. కోతలు అయిపోయాయి కదా, చేలో గింజ దొరక్క ఎలుకలు ఇటు వస్తున్నాయని అనుకున్నాం. ఆయన గోడ వెంట నడుస్తూ ఒక్కో కన్నం దగ్గరా కూర్చుని, బయట పడిన మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. తడిగా, గుల్లగా ఉంటే రాత్రి తవ్వినదట. అలాంటివి ఎక్కువగా గోడ మూల, ఒకేచోట ఉన్నాయి. అక్కడ చూస్తే అన్నం మెతుకులు, ఇడ్లీ ముక్కలు. "తిండి మీరే పెట్టి, బుట్ట నన్ను పెట్టమంటే ఎట్లాగండీ?" అన్నాడాయన.

ఎవరు పోస్తున్నారని పిల్లల్నే అడిగాను. ఒక చిన్నమ్మాయి మెల్లగా చెప్పింది: "బాక్సులో మిగిలితే అమ్మ తిడుతుంది మేడం." ఆ మాట విన్నాక నాకు ఎలుకల సంగతి కాసేపు గుర్తులేదు. మిగిలింది ఇంటికి తెస్తే కోప్పడకండి. ఎంత తింటున్నారో మీకు తెలిసేది కూడా అప్పుడే. రేపటి నుంచి కాస్త తక్కువ పెట్టండి, చాలకపోతే వాళ్లే అడుగుతారు.

ఇక కారు సంగతి. ఎలుక ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీయడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే. తిరిగొచ్చిన కారు ఇంజను వెచ్చగా, చీకటిగా ఉంటుంది కాబట్టి దూరుతుంది. బొటనవేలు పట్టేంత సందు చాలు. సీట్ల కింద బిస్కెట్ పొడి, చిప్స్ ప్యాకెట్లు వారానికోసారైనా దులపండి. పొగాకు కాడలు, కలరా ఉండలు పెడుతున్నామని కొందరన్నారు. వాసన పోయాక అవి పనిచేయవు. పైగా కలరా ఉండలు పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో వేసుకుంటే ప్రమాదం, కారులో అస్సలు వద్దు. దానికన్నా అడుగున ఇనుప జాలీ బిగించుకోవడం నయం.

సంక్రాంతికి కారు ఇంట్లో వదిలి ఊరెళ్లేవాళ్లు, తాళం వేసిన షెడ్డయితే బోనెట్ ఎత్తి ఉంచండి. వచ్చాక స్టార్ట్ చేసే ముందు లోపల ఒకసారి చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, డాష్‌బోర్డు మీద బ్రేకు లైటు వెలిగినా పిల్లల్ని ఎక్కించుకోకుండా మెకానిక్‌ని పిలవండి. గూడు కనిపిస్తే ఉత్త చేతులతో తీయొద్దు. ఎలుక మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది, గ్లౌజులు వేసుకుని బ్లీచింగ్ నీళ్లతో తడిపి తీయండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే ఈ నష్టానికి డబ్బు రాదు, మీ పాలసీ ఏదో ఇప్పుడే చూసుకోండి.

ఈ శనివారం ఉదయం 8 గంటలకు గోడ పక్క పిచ్చిమొక్కలు కొట్టించి, కన్నాలు కంకర, సిమెంటుతో మూయిస్తున్నాం. పార పట్టగలిగినవాళ్లు నలుగురైదుగురు వస్తే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. పొదల్లో పాములుండొచ్చు, బూట్లు వేసుకుని రండి. పిల్లల్ని మాత్రం ఆ రోజు తీసుకురావద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు