తాళం పడ్డ గదిలో తిండి పాఠం

సంపాదకులకు,

పిల్లలు తగ్గిపోయిన ఊరి బడుల్లో ఒకటో రెండో గదులకు ఏళ్లుగా తాళం తీయడం లేదు. లోపల విరిగిన బెంచీలు, పాత రికార్డుల మూటలు. వెనక పెరట్లో నడుమెత్తు వయ్యారిభామ. ఆ గదినీ పెరడునూ పిల్లలకు తిండి గురించి నేర్పే చోటుగా మార్చమని విద్యాశాఖను కోరుతున్నాను. స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్న గదులు మాత్రం వద్దు. ఇంజినీరు చూసి సరేనన్నాకే పిల్లల్ని లోపలికి పంపాలి.

బడి తోటలకు కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా చాలా తోటలు రెండో ఏడు కనిపించవు. తోట అనగానే మధ్యాహ్న భోజనానికి కూరగాయల ఖర్చు తగ్గుతుందని లెక్కేస్తారు, అక్కడే పొరపాటు. ప్రైమరీ పిల్లలకు తలకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు, అంటే వందమందికి 5 కిలోలు. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మళ్లు ఐదు వేసినా ఒక కోతకు తోటకూర 15 కిలోలు వస్తే గొప్ప. మూడు రోజుల కూర! తోట పని వంటింటిని పోషించడం కాదు, పాఠం చెప్పడం.

తోటకూర విత్తనం సన్నం కాబట్టి నాలుగింతల ఇసుక కలిపి చల్లి, పైన పల్చగా మట్టి జల్లాలి. లోతుగా పడితే మొలవదు. నెల లోపే కోతకొస్తుంది. కోతులున్న ఊళ్లో టమాటా, చిక్కుడు పెడితే పిల్లలకు మిగిలేది నిరాశే. కోతులు అంతగా ముట్టని గోంగూర, పుదీనా, కరివేపాకు మేలు. అసలు గండం వేసవి సెలవులు. తెలంగాణలో ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 దాకా బడిలో ఎవరూ ఉండరు. అందుకే ఆకుకూరల చివరి విత్తు ఫిబ్రవరిలో వేసి, సెలవులకు ముందే కోసెయ్యాలి. ఆ ఏడు వారాలు మునగ, కరివేపాకు మొక్కలే ఉండాలి, పాదుల్లో మందంగా ఎండుగడ్డి పరచాలి. చేతులు కడిగిన నీళ్లు మళ్లకు పారించొచ్చు. అంట్లు తోమిన జిడ్డు నీళ్లు వద్దు.

గదిలోకి పొయ్యి అక్కర్లేదు. ఒక తక్కెడ, నాలుగు గిన్నెలు, నీళ్ల బకెట్ చాలు. ప్రైమరీ పిల్లకు రోజుకు రావలసినవి బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు. ఆ 20 గ్రాముల కందిపప్పు తూచి అరచేతిలో పోస్తే పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది, తన పళ్లెంలో ఎంత పడుతోందో కూడా తెలుస్తుంది. బలవర్ధక బియ్యంలో వంద గింజలకొకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజ ఉంటుంది. రంగు కాస్త తేడాగా ఉండి నీళ్లలో తేలేసరికి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. దాని మీద అయోడిన్ చుక్క వేయించండి. నల్లగా, నీలంగా మారుతుంది. పిండిపదార్థం కాబట్టే మారింది, ప్లాస్టిక్ మారదు. ఎన్ని ప్రకటనలిచ్చినా పోని భయం ఈ ఒక్క చుక్కతో పోతుంది.

ఈ పనంతా వంట కార్మికుల నెత్తిన పెట్టొద్దు. వాళ్ల చేతుల్లో ఉన్నదే ఎక్కువ. గది తాళంచెవి, బడి బాగోగులు చూసే మహిళల కమిటీ అయిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకిచ్చి, వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లో రాయించి, వేసవిలో మొక్కలకు నీళ్లు పోసే మనిషికి కూలి బడ్జెట్లోనే చూపించాలి.

– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా