అసెంబ్లీకి తాళం, ఆస్పత్రిలో వెయిటింగ్ లిస్టు

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర ఐర్లండ్ గురించి వార్త వచ్చిందంటే చాలు, మన పత్రికల్లో ‘కాథలిక్, ప్రొటెస్టెంట్ల మత ఘర్షణ’ అని శీర్షిక పెట్టేస్తారు. బెల్‌ఫాస్ట్‌లో ఆస్పత్రి ఉద్యోగం చేస్తున్న తెలుగుదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పోప్ గురించో, ప్రార్థన ఎలా చేయాలన్నదాని గురించో ఇక్కడ ఎవరూ వాదించుకోగా నేను వినలేదు. ఈ ప్రాంతం బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అన్నదే అసలు పేచీ. ఎవరు ఏ పక్షమో మతాన్ని బట్టి పోల్చుకుంటారు.

1921లో ఐర్లండ్‌ను విడదీసినప్పుడు ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతంలోని తొమ్మిది కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) ఆరింటినే బ్రిటన్ వైపు తీసుకున్నారు. ప్రొటెస్టెంట్ల మెజారిటీకి ఢోకా ఉండకూడదన్నదే లెక్క. తర్వాత యాభై ఏళ్లు యూనియనిస్టు పార్టీ ఒక్కటే ఏలింది. బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు యూనియనిస్టులు, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు; ఐర్లండ్‌లో కలవాలనేవాళ్లు నేషనలిస్టులు, ఎక్కువగా కాథలిక్కులు. డెర్రీ నగరంలో కాథలిక్కుల జనాభాయే ఎక్కువ. అయినా వార్డుల సరిహద్దులు ఎలా గీశారంటే, కౌన్సిల్ మాత్రం యూనియనిస్టుల చేయి దాటేది కాదు. పైగా స్థానిక ఎన్నికల్లో ఓటు అందరికీ లేదు. ఇల్లు పేరు మీద ఉన్నవాళ్లకీ, వాళ్ల భార్యకో భర్తకో మాత్రమే ఉండేది. అందుకే కౌన్సిల్ ఒకరికి ఇల్లిచ్చిందంటే ఓటు ఇచ్చినట్టే. 1968లో కాలెడన్ అనే ఊళ్లో పిల్లాపాపలున్న కాథలిక్ కుటుంబాలు ఇంటి కోసం ఎదురుచూస్తుంటే, పెళ్లికాని పందొమ్మిదేళ్ల ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇల్లు కేటాయించారు. ప్రజాప్రతినిధి ఆస్టిన్ కరీ వెళ్లి ఆ ఇంట్లోనే బైఠాయించాడు. పౌరహక్కుల ఉద్యమం దాంతో ఊపందుకుంది. నాలుగేళ్లు తిరక్కముందే, 1972 జనవరి 30న, డెర్రీలో ఊరేగింపుగా వచ్చిన జనం మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపి 13 మందిని పొట్టన పెట్టుకుంది. ముప్పై ఏళ్ల హింసలో అన్ని వైపులా పోయిన ప్రాణాలు 3,500కు పైనే.

1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ఆ చావులను ఆపింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి. కానీ ఆ ఒప్పందంతోనే చీలిక అసెంబ్లీ రిజిస్టర్‌లోకి ఎక్కింది. గెలిచిన ప్రతి సభ్యుడూ తాను యూనియనిస్టో, నేషనలిస్టో, ‘ఇతరులో’ రాయించుకోవాలి. బడ్జెట్ లాంటి పెద్ద నిర్ణయాలకు మొదటి రెండు వర్గాల్లోనూ తగినంత మద్దతు ఉండాలి. ఫస్ట్ మినిస్టర్ ఒక వర్గం నుంచి, డిప్యూటీ ఇంకో వర్గం నుంచి వస్తారు. ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి పదవీ పోతుంది.

ఫలితం మేం చూస్తూనే ఉన్నాం. 2017 నుంచి 2020 వరకు ఒకసారి, 2022 నుంచి 2024 వరకు ఇంకోసారి ప్రభుత్వమే లేదు. మొదటిసారి నేషనలిస్టు పక్షం తప్పుకుంది, రెండోసారి యూనియనిస్టు పక్షం. 2019 డిసెంబరులో ఇక్కడి నర్సులు మిగతా బ్రిటన్‌తో సమానంగా జీతాలివ్వాలని సమ్మెకు దిగారు. నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 103 ఏళ్ల చరిత్రలో అదే తొలి సమ్మె. అడుగుదామంటే ఆరోగ్య మంత్రి కుర్చీ ఖాళీ! మోకీలు మార్పిడి ఆపరేషన్‌కు ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఈలోగా మంచాన పడి మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. బ్రిటన్ మొత్తంలో వెయిటింగ్ లిస్టులు ఇక్కడే అధ్వానం. కాథలిక్ పేటలకూ ప్రొటెస్టెంట్ పేటలకూ మధ్య ఉన్న గోడలను 2023కల్లా తొలగిస్తామని 2013లో మాటిచ్చారు. అవీ చాలావరకు అలాగే ఉన్నాయి.

ఇక్కడ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే ఒక ఫారం ఇస్తారు. మీరు ప్రొటెస్టెంట్ సమాజానికి చెందినవారా, కాథలిక్ సమాజానికా, రెండూ కాదా అని మూడు గడులుంటాయి. నియామకాల్లో వివక్షను పట్టుకోవడానికి పెట్టిన చట్టం అది, నాకేం అభ్యంతరం లేదు. నేను మూడో గడిలో టిక్ పెట్టినా నా దరఖాస్తు విలువ తగ్గలేదు. అసెంబ్లీలో అలా కాదు. 2022లో ఏ పక్షమూ కాదన్న అలయెన్స్ పార్టీ 90 సీట్లలో 17 గెలిచింది. కీలక ఓటింగ్ వచ్చినప్పుడు మాత్రం ఆ 17 ఓట్లూ మొత్తం లెక్కలోకే వస్తాయి. రెండు వర్గాల మద్దతు తూచేటప్పుడు వాటిని చూడరు. 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం ఉన్నవారు 45.7 శాతం, ప్రొటెస్టెంట్ నేపథ్యం ఉన్నవారు 43.5 శాతం. అంటే ఎవరికీ మెజారిటీ లేదు. అలాంటప్పుడు వర్గం పేరుతో పని లేకుండా సభలో 60 శాతమో, మూడింట రెండొంతులో ఒప్పుకుంటే చాలన్న నిబంధన పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. ఒక వర్గం మరోదాన్ని తొక్కేయకుండా ఆ అంకె చాలు.

2027 మేలో ఇక్కడ అసెంబ్లీ ఎన్నికలు జరగాలి. ఎవరు గెలిచారన్న వార్తతో పాటు ఈ నిబంధన మారుతుందా లేదా అన్నది కూడా మీ పాఠకులకు చెప్పండి.

– ఒక పాఠకురాలు, బెల్‌ఫాస్ట్